తోటపనికి, చెట్లు కోసే పనికి నిలిచే ప్యాంటు

పనిలో పాడైపోయిన పాత ప్యాంటును ఒకసారి తిరగేసి చూస్తే, కొత్తది ఎలా కొనాలో సగం తెలిసిపోతుంది. ఉద్దానం కొబ్బరితోటల్లో తిరిగినదైనా, విజయనగరం వైపు మామిడితోటల్లో కొమ్మలు కొట్టినదైనా, భోగాపురం, పూసపాటిరేగ తీరంలో సరుగుడు నరికినదైనా చిరుగులు ఇంచుమించు అవే చోట్ల ఉంటాయి. ముందు గజ్జల దగ్గర నాలుగు కుట్లు కలిసే చోట విచ్చుకుంటుంది. ఆ తర్వాత సీటు పలచబడుతుంది. మోకాళ్లు మూడోస్థానం. జేబుల మూలలు, జిప్పు ఆఖరున పోతాయి. గుడ్డ నడిమధ్యలో నిలువునా చిరిగిన ప్యాంటు తక్కువగా కనిపిస్తుంది. అలా చిరిగిందంటే చాలాసార్లు అది ముళ్లకంచె దాటేటప్పుడు జరిగినదే.

ఇలా ఎందుకంటే ఇక్కడ పని చేసే భంగిమ వేరు. పేరున్న విదేశీ వర్క్ ప్యాంట్లలో మోకాలి దగ్గర రెండు పొరల గుడ్డ వేసి, అదే గొప్పగా చెబుతారు. అక్కడి వడ్రంగి, అక్కడి తోటమాలి మోకాలు నేలకు ఆనించి పనిచేస్తారు కాబట్టి వాళ్లకు ముందు పోయేది మోకాలే. మన దగ్గర గొంతుక్కూర్చుంటారు. కొబ్బరికాయ పీచు ఒలిచినా, జీడిపిక్కలు ఏరినా, కత్తికి పదును పెట్టినా, మధ్యాహ్నం క్యారేజీ విప్పినా అదే కూర్చోవడం. రోజుకు ఎన్నిసార్లు లేచి కూర్చుంటారో లెక్క ఉండదు. కూర్చున్న ప్రతిసారీ తొడ, పిరుదులు గుడ్డను చెరోవైపు లాగుతాయి. ఆ లాగుడంతా గజ్జల దగ్గర ఉన్న ఒక్క బిందువు మీద పడుతుంది. మోకాలికి రెండో పొర వేసిన ప్యాంటు అక్కడ గట్టిగా ఉండి, ఇక్కడ పుటుక్కుమంటుంది. పైగా ఆ రెండో పొర వైశాఖం ఎండలో మోకాలి దగ్గర చెమటను పట్టి ఉంచుతుంది.

గజ్జల కుట్టుకు మందు పాతదే. నాలుగు కుట్లు ఒకేచోట కలవకుండా మధ్యలో డైమండు ఆకారపు ముక్క ఒకటి వేసి కుట్టాలి. అప్పుడు లాగుడు ఒక బిందువు మీద కాకుండా ఆ ముక్క నాలుగు అంచుల మీదికి పంచుకుపోతుంది. పాతకాలపు పైజామాల కుట్టులో ఉన్న పద్ధతే ఇది. రెడీమేడ్ జీన్సు కుట్టేవాళ్లు గుడ్డ, కూలి మిగుల్చుకోవడానికి దీన్ని వదిలేస్తారు. దాంతోపాటు నడుము ఎత్తు కూడా చూడాలి. బొడ్డు కిందికి దిగిపోయే లోవెయిస్ట్ ప్యాంటులో కూర్చుంటే వెనక జారిపోతుంది. దాన్ని ఆపడానికి బెల్టు బిగిస్తే, ఆ బిగింపు మళ్లీ గజ్జల కుట్టునే లాగుతుంది. కొనేటప్పుడు అద్దం ముందు నిలబడి చూసుకుంటే ఇదేమీ తెలియదు. ట్రయల్ రూములో పూర్తిగా గొంతుక్కూర్చుని, లేచి, ఒక కాలు స్టూలు మీద పెట్టి చూడాలి. గట్టు ఎక్కేటప్పుడు కాలు లేచేది అంత ఎత్తే. సేల్స్ కుర్రాడు నవ్వితే నవ్వనీయండి.

ఇక గుడ్డ. అంగళ్లలో గట్టి గుడ్డ అంటే బరువైన గుడ్డ అనే అర్థంలోనే మాట్లాడతారు. కొంతవరకు నిజమే. గుడ్డ బరువును చదరపు మీటరుకు గ్రాముల్లో కొలుస్తారు, దాన్నే జీఎస్ఎం అంటారు. విదేశీ జీన్సు మీద చదరపు గజానికి ఔన్సుల్లో ఉంటుంది. ఒక ఔన్సు అంటే సుమారు 34 జీఎస్ఎం. 12 ఔన్సుల డెనిమ్ 400 జీఎస్ఎం దాటుతుందన్నమాట. గుడ్డల కొట్టులో ఈ అంకె అడిగితే చాలామంది చెప్పలేరు. అయితే తక్కెడ ఉంటే చాలు. 58 అంగుళాల పన్నా ఉన్న గుడ్డ ఒక మీటరు తూస్తే 400 గ్రాములు వచ్చిందనుకుందాం, అది ఇంచుమించు 270 జీఎస్ఎం గుడ్డ. 300 గ్రాములే తూగితే సుమారు 200 జీఎస్ఎం. అది ఆఫీసు ప్యాంటుకు సరిపోతుంది గానీ తోటకు చాలదు.

పోగు మందం సంగతి శ్రీకాకుళం జిల్లావాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పొందూరు సన్నఖాదీకి 100 కౌంటు దాటిన నూలు వాడతారు. కౌంటు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది. పనిగుడ్డ దీనికి సరిగ్గా అవతలి కొస. మందపాటి డెనిమ్‌లో పోగులు 7, 10 కౌంట్ల దగ్గర ఉంటాయి. పొందూరు పంచె ఎంత గొప్పదైనా దానితో మొగలిడొంకలోకి వెళ్లరు కదా.

నేత కూడా చూడాలి. డెనిమ్, ఖాకీ డ్రిల్లు రెండూ ట్విల్ నేతే. దగ్గరగా చూస్తే ఏటవాలు గీతలు కనిపిస్తాయి. ఈ నేతలో పోగులకు కొంచెం కదిలే వీలుంటుంది కాబట్టి ముల్లు పట్టి లాగినప్పుడు నాలుగైదు పోగులు కలిసి ఆ దెబ్బ కాస్తాయి, చిరుగు తొందరగా సాగదు. మెత్తగా వంగుతుంది కూడా. కాన్వాసు నేత నిలువు, అడ్డం సమానంగా బిగించినది. ముల్లు తేలిగ్గా దూరదు. కాకపోతే మడత పడే చోట అరిగిపోతుంది, కూర్చునే పనిలో బిరుసుగా తొడను గీరుతుంది. చిన్నచిన్న గళ్లు కనిపించే రిప్‌స్టాప్ గుడ్డలో అక్కడక్కడ గట్టి పోగులు కలిపి నేస్తారు. చిరుగు మొదలైనా ఆ గడి దగ్గర ఆగుతుంది. సైన్యం వాళ్ల దుస్తుల్లో దీన్నే ఎక్కువగా వాడతారు. తేలిగ్గా ఉండి చిరగకుండా నిలవాలంటే మన ఎండకు ఇదే మంచి రాజీ. 220 నుంచి 250 జీఎస్ఎం మధ్య రిప్‌స్టాప్ దొరికితే 400 జీఎస్ఎం డెనిమ్ కోసం వెతుక్కోవడం దండగ.

దండగ అనడానికి కారణం ఎండ. 14 ఔన్సుల జీన్సు గురించిన మెచ్చుకోలంతా చలిదేశాల నుంచి వచ్చింది. పలాస, కవిటి, సోంపేటల్లో జీడి ఏరివేత మార్చి నుంచి మే దాకా సాగుతుంది, అంటే ఏడాదిలో ఒళ్లు మాడిపోయే నెలలన్నీ అందులోనే. తీరప్రాంతం కాబట్టి గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు మీద జరుగుతున్న పరిశోధనలో, ఎండలో నీళ్లు చాలకుండా కష్టపడటాన్ని కూడా ఒక అనుమానంగా చూస్తున్నారు. అలాంటి చోట ఒంట్లో వేడిని బయటికి పోనివ్వని గుడ్డను ‘మన్నికైనది’ అని కొనడం తెలివైన పని కాదు. ప్యాంటు ఒక ఏడాది ఎక్కువ నిలిచిందని ఒళ్లు అలా నిలవదు.

జీడి ఏరివేత తర్వాత ప్యాంటుకు పరీక్ష పెట్టే రెండో కాలం అక్టోబరు, తుపాన్ల నెల. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాసకు దగ్గరలో గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలితో తీరం దాటి, ఉద్దానం కొబ్బరి, జీడితోటలను నేలకు ఒరిగించేసింది. తుపాను తర్వాత వారాల తరబడి చెట్లు కోసే మిషన్లకు క్షణం తీరిక ఉండదు. ఆ పనంతా తడిలోనే. తడిసిన నూలుపోగుకు బలం తగ్గదు, పైగా కాస్త పెరుగుతుంది. నూలు గుణాల్లో అదొకటి. అయితే అది నీటిని పట్టుకుని వదలదు. ముప్పావు కిలో జీన్సు తడిస్తే బరువు రెట్టింపవుతుంది, మోకాలి దగ్గర అతుక్కుని అడుగు పడనీయదు. రాత్రి ఆరేసినా పొద్దుటికి ఆరదు. తడి గుడ్డ తొడల మధ్య ఒరుసుకుని చర్మం లేచిపోతే, మర్నాడు నడక చూస్తేనే తెలిసిపోతుంది.

అందుకే పాలిస్టర్ కలిసిన గుడ్డను తీసిపారేయడానికి లేదు. మామూలు గాలిలో నూలు తన బరువులో ఎనిమిది శాతం దాకా తేమ పీలుస్తుంది, పాలిస్టర్ అర శాతం కూడా పీల్చదు. కాబట్టి త్వరగా ఆరుతుంది, రాపిడికి ఆగుతుంది. రాపిడికి నైలాన్ ఇంకా మేలు. చిక్కల్లా నిప్పుతోనే. నూలు కాలితే బూడిదై రాలిపోతుంది. నైలాన్, పాలిస్టర్ కరిగి చర్మానికి అతుక్కుంటాయి. బీడీ నిప్పురవ్వ, చెత్త తగలబెట్టిన మంట, మిషన్ సైలెన్సర్ దేనికైనా ఆ ప్రమాదం ఉంది. సగానికి పైగా నూలు ఉండి, మిగతాది పాలిస్టరో నైలానో కలిసిన గుడ్డ రెండు కాలాలకూ సరిపోతుంది. యూనిఫారాలకు ఎక్కువగా అమ్మే గుడ్డలో పాలిస్టర్ 65, నూలు 35 ఉంటుంది. వానాకాలానికి పరవాలేదు, మే నెలలో మాత్రం ఒళ్లు ఉక్కబోస్తుంది. సాగే జీన్సు సంగతి ఒక్క మాటలో చెప్పేయవచ్చు: అందులోని రబ్బరులాంటి పోగు చెమటకు, వేడికి చచ్చిపోతుంది, ఆపైన మోకాలు సంచిలా వేలాడుతుంది.

గుడ్డ ఎంత మంచిదైనా దారం నాసిరకమైతే అంతే. దుకాణంలో దారం గురించి అడిగేవాళ్లు పదిమందిలో ఒకరుండరు. అసలు ప్యాంటు ఆయుష్షు అక్కడే ఉంది. నూలు దారం చెమట ఉప్పుకు కుళ్లిపోతుంది, గుడ్డ బాగానే ఉన్నా కుట్టు ఊడిపోతుంది. పాలిస్టర్ దారం అలా కుళ్లదు. తేడా తెలుసుకోవడం తేలిక. లోపల వేలాడే కొస ఒకటి కత్తిరించి అగ్గిపుల్ల చూపిస్తే, కాగితం కాలిన వాసన వచ్చి బూడిదైతే నూలు, కరిగి గట్టి పూసలా అయితే పాలిస్టర్. లోపలివైపు కుట్టు కూడా తిరగేసి చూడాలి. అంచుకు ఓవర్‌లాక్ మాత్రమే వేసి ఒకే వరస కుట్టు ఉంటే అది షోకు ప్యాంటు. గుడ్డ అంచులు ఒకదానిలో ఒకటి మడిచి, మీద రెండు మూడు వరసలు కుడితే అది పని ప్యాంటు. ఆ మడత కుట్టు సీటు వెనక, కాలి లోపలివైపు రెండుచోట్లా ఉండాలి. కొన్ని కంపెనీలు పైకి కనిపించే బయటివైపు మాత్రమే వేసి, అరిగిపోయే లోపలివైపు వదిలేస్తాయి. జేబు మూలల్లో, బెల్టు లూపుల దగ్గర అటూఇటూ దట్టంగా కుట్టిన చిన్న గీతలు ఉండాలి, వాటినే బార్‌టాక్ అంటారు.

జీన్సు జేబుల మీద కనిపించే రాగి రివెట్ల కథ కూడా చెట్లు కొట్టేవాళ్లతోనే మొదలైంది. అమెరికాలోని రీనో పట్టణంలో జేకబ్ డేవిస్ అనే దర్జీ దగ్గరికి ఒక కట్టెలు కొట్టేవాడి భార్య వచ్చి, తన మొగుడికి చిరగని ప్యాంటు కుట్టమందట. అతను గుర్రపు జీనులకు, దుప్పట్లకు వాడే రివెట్లు తీసి జేబుల మూలలకు బిగించాడు. తర్వాత గుడ్డల వ్యాపారి లెవీ స్ట్రాస్‌తో కలిసి 1873 మే 20న పేటెంటు తీసుకున్నాడు. గుడ్డ సంగతి తర్వాత, ఆ ప్యాంటు ఎక్కడ చిరుగుతోందో ఆ చోటును ముందు చూసినవాడు ఆ దర్జీ. ‘డంగరీ’ అనే మాట మాత్రం మనదేశానిదే, ముంబయిలోని డోంగ్రీ దగ్గర అమ్మిన ముతకగుడ్డ పేరు మీద వచ్చింది. గల్ఫ్‌కో, ఓడరేవు పనికో వెళ్లొచ్చిన శ్రీకాకుళం కుర్రాళ్లు కంపెనీ ఇచ్చిన ‘డాంగ్రీ’ అంటూ ఇంట్లో దాచుకునేది ఆ మాటకు మనవడే. ఆ పాత డాంగ్రీలు తోటపనికి బాగా పనికొస్తాయి. కాకపోతే పైదీ కిందిదీ ఒకటే కాబట్టి ఎండలో ఉక్క, చెంబు పట్టుకెళ్లాలన్నా అవస్థే.

ఇవన్నీ కలిసిన రెడీమేడ్ ప్యాంటు మన జిల్లాల్లో దొరకడం కష్టం. దానికంటే కుట్టించుకోవడం మంచి దారి. గుడ్డ ఒకటిన్నర మీటరు తీసుకోవాలి. ప్యాంటుకు పోను మిగిలింది గజ్జల ముక్కకు, తర్వాతి మాట్లకు పనికొస్తుంది. కుట్టడానికి ఇచ్చేముందు గుడ్డను రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరేయాలి, లేదంటే రెండో ఉతుక్కే చీలమండ పైకి వచ్చేస్తుంది. దర్జీకి స్పష్టంగా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. సీటు, తొడ ఒదులుగా, నడుము బొడ్డు దాకా, దారం పాలిస్టర్, కుట్టు అంగుళానికి 8 నుంచి 10. అంతకంటే దగ్గరగా కుడితే సూది చిల్లుల వల్ల గుడ్డ స్టాంపు కాగితంలా ఊడి వస్తుంది. ఫ్యాషన్ ప్యాంటు కుట్టే కుర్రదర్జీ కంటే పోలీసులకో, లారీ డ్రైవర్లకో ఖాకీ కుట్టిన పాతదర్జీకి ఈ మాటలు త్వరగా తలకెక్కుతాయి.

కింద మడత వద్దు. మడతలో రంపపు పొట్టు, ముళ్లు చేరతాయి, పుల్ల తగులుకుంటే మనిషి బోర్లా పడతాడు. అమెరికా వాయవ్య అడవుల్లో చెట్లు నరికేవాళ్లు ప్యాంటు అంచుకుట్టునే కత్తిరించేసి చీలమండ మీదికి పొట్టిగా వేసుకునే అలవాటు ఉంది. కొమ్మ తగులుకుంటే అంచు చిరిగిపోవాలి గానీ మనిషి పడకూడదని వాళ్ల లెక్క. మన్నిక అన్ని చోట్లా మంచిది కాదన్నమాట.

తోటను బట్టి కూడా కొంత మారుతుంది. మొగలిపొదలు గట్టున ఉంటే ఆకు అంచు ముళ్లకు పలచటి గుడ్డ ఆగదు. దురదగొండి తీగ ఉన్న చోట నేత దగ్గరగా లేకపోతే నూగు లోపలికి దిగి రెండు రోజులు గోకుడే. జీడిపిక్క తొక్కలోని నూనె చర్మాన్ని కాలుస్తుంది, కాబట్టి పిక్కలు కొట్టే, వేయించే పనిలో మోకాళ్లు కప్పాల్సిందే. ఆ మరక ఎలాగూ పోదు కాబట్టి ముదురు రంగు వేసుకుంటే సరి. పిక్కలేరే ఆడవాళ్లు చీరమీద మగవాళ్ల ఫుల్‌చేతుల చొక్కా వేసుకుని చేతులు కాపాడుకుంటారు గానీ కాళ్లకు ఏమీ లేదు. చీర లోపల చీలమండ దాకా డ్రిల్లు పైజామా వేసుకుంటే ముళ్ల బాధ చాలావరకు తగ్గుతుంది. ఆ అవసరాన్ని పట్టించుకుని సరుకు తెచ్చిన దుకాణం మాత్రం కనిపించదు.

ఇంతదాకా చెప్పినదంతా చిరుగు గురించి. చెట్లు కోసే మిషన్, అంటే చైన్‌సా, పట్టేవాడికి ఇవేవీ చాలవు. గట్టి జీన్సు వేసుకున్నాను కదా అన్న ధైర్యమే అక్కడ ముప్పు. పెట్రోలు మిషన్ చెయిన్ సెకనుకు 20 మీటర్లు, అంటే గంటకు 72 కిలోమీటర్ల వేగంతో, ఒక్కోసారి అంతకంటే వేగంగా కూడా తిరుగుతుంది. దాని ముందు డెనిమ్, కాన్వాసు, తోలు అన్నీ ఒకటే. లుంగీ అయితే ఇంకా ఘోరం, చెయిన్ దాన్ని చుట్టుకుని కాలిని తనవైపు లాక్కుంటుంది.

చైన్‌సా ప్యాంటు పనిచేసే తీరే వేరు. అది గట్టిదనంతో ఆపదు. పై గుడ్డ తెగగానే లోపల పొరలుగా పరిచిన పొడవాటి పోగులు చెయిన్‌కు చిక్కి, మిషన్ పళ్లచక్రంలోకి దూరి, దాన్ని పీచుతో కుక్కేసినట్టు ఆపేస్తాయి. కొబ్బరిపీచు యంత్రంలో ఇరుక్కుంటే ఏమవుతుందో చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. లేబుల్ మీద ఈఎన్ 381 లేదా దాని తర్వాత వచ్చిన ఈఎన్ ఐఎస్ఓ 11393 అన్న గుర్తు, మిషన్ బొమ్మ ఉండాలి. క్లాస్ 1 అంటే సెకనుకు 20 మీటర్ల చెయిన్ వేగం దగ్గర పరీక్షించినది, క్లాస్ 2 అంటే 24, క్లాస్ 3 అంటే 28. టైప్ ఎ ముఖ్యంగా కాలి ముందుభాగాన్ని కాపాడుతుంది. టైప్ సి చుట్టూరా కాపాడుతుంది, దానికి తగ్గట్టే బరువు, ఉక్క. నేలమీద నిలబడి కోసేవాడికి టైప్ ఎ సరిపోతుంది. బ్యాటరీ, కరెంటు మిషన్ల దగ్గర ఈ పోగుల మీద అంత భరోసా పెట్టుకోకూడదు. మోటారు లాగుడు బలం వేరేగా ఉండి, పోగులు ఇరుక్కున్నా చెయిన్ తిరుగుతూనే ఉండవచ్చు. గడ్డి కోసే మిషన్‌కు కూడా ఇది పనికిరాదు. అక్కడ ఎగిరే రాయి దెబ్బ ఆపే గట్టి ప్లాస్టిక్ గార్డు కావాలి.

ధర వేలల్లో ఉంటుంది, రోజుకూలి మీద బతికేవాడు కొనలేడు. ఎండలో ఆ మందాన్ని రోజంతా వేసుకోనూ లేడు. ఈ రెండు చిక్కులకూ ప్యాంటు బదులు ముందు కట్టుకునే లెగ్గార్డు, అంటే చాప్స్ రకం, సరైన జవాబు. ఇది మామూలు ప్యాంటు మీద నడుము దగ్గర, కాళ్ల వెనక బకిల్సుతో బిగించుకునేది. వెనక తెరిచి ఉంటుంది కాబట్టి గాలి ఆడుతుంది. కోత ఆపగానే విప్పి పక్కన పెట్టవచ్చు. సైజు పట్టింపు తక్కువ కాబట్టి ఒకటే లెగ్గార్డు ముఠాలో ఎవరు మిషన్ పడితే వాళ్లు కట్టుకోవచ్చు. కాబట్టి దీన్ని కొనాల్సింది కూలీ కాదు, మిషన్ యజమానో మేస్త్రీనో. మిషన్‌కు స్పేర్ చెయిన్, ఆకురాయి, నూనెడబ్బా ఎలా వెంట వెళ్తాయో ఇదీ అలాగే దానితో పాటు వెళ్లాలి. స్టీల్‌ప్లాంటు, ఓడరేవు ఉన్న విశాఖలో సేఫ్టీ సామాన్ల దుకాణాలకు కొదవ లేదు. లేబుల్ చూపించమని పట్టుబట్టాలి. గుర్తు లేని మందపాటి యాప్రాన్‌ను లెగ్గార్డు అని అంటగడితే వదిలేసి రావాలి.

ఉతకడం దగ్గర ఈ రెండు రకాలకూ తేడా ఉంది. మామూలు పని ప్యాంటును సాయంత్రం మామూలు నీళ్లలో జాడించినా చెమట ఉప్పు పోతుంది, కుట్టు నిలుస్తుంది. తిరగేసి నీడలో ఆరేస్తే చాలు. బ్లీచింగ్ వేస్తే మాత్రం నూలు పెళుసైపోతుంది. మామిడి సొన, జీడి మరక పోవడానికి కిరోసిన్ రుద్దడం ఇక్కడ అలవాటు. రుద్దితే మళ్లీ సబ్బుతో ఉతికి ఆరిన తర్వాతే వేసుకోవాలి, ఆ తడితో పొయ్యి దగ్గరికి వెళ్లకూడదు. లెగ్గార్డు విషయంలో అసలు భయం నూనెతో. చెయిన్ నూనె, పెట్రోలు లోపలికి ఇంకితే పోగులు ఒకదానికొకటి అతుక్కుపోయి విడివడవు, విడివడకపోతే చెయిన్ ఆగదు. లేబుల్‌లో చెప్పిన పద్ధతిలో ఉతకాలి, బండకేసి బాదకూడదు. పై గుడ్డకు ముల్లు గీసి చిన్న చిరుగు పడితే పైపైన మాటు వేసుకోవచ్చు, లోపలి పోగుల్లోంచి సూది దిగకూడదు. చెయిన్ ఒక్కసారి తగిలి పోగులు బయటికొస్తే మాత్రం దాని పని అయిపోయినట్టే. పోగులు లోపలికి తోసి కుట్టేసి మళ్లీ కట్టుకుందామన్న ఆశ ముఠాలో ఎవరికైనా పుడుతుంది కాబట్టి, మేస్త్రీ ఆ రోజే దాన్ని నిలువునా కత్తిరించి పారేయాలి.